పిట్ట కొంచెం, ఆట ఘనం

"పొట్టి పోరి. దీనికేం అందుతది?"

ఈ మాట మనం చాలాసార్లు విన్నాం. బడిలో ఆటల జట్టు కట్టేటప్పుడు ఈ మాట వస్తుంది. పెళ్ళిచూపుల్లో వస్తుంది. అటక మీది గిన్నె దించేటప్పుడు ఇంట్లోనే వస్తుంది. అన్నవాళ్ళు నవ్వి మరచిపోతారు. మాట పడ్డ పిల్ల మాత్రం మరచిపోదు.

ఇది ఒక పొట్టి ఆటగత్తె కథ. ఆమె పేరు డెబ్బీ బ్లాక్. ఆమెది అమెరికా దేశం. ఫిలడెల్ఫియా అనే పట్నంలో 1966 జులై 29న పుట్టింది. ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు. మన ఊళ్ళో అయితే ఆ ఎత్తును ఎవరూ పొట్టి అనరు. కానీ ఆమె ఎంచుకున్న ఆటలో ఆరడుగుల ఆడవాళ్ళు మామూలు. ఆ ఆట పేరు బాస్కెట్‌బాల్. తెలుగులో బుట్టబంతి అంటారు.

ఆ పొడుగు మనుషుల మధ్య డెబ్బీ 15 ఏళ్ళు ఆడింది. ఆటనే బతుకుదెరువు చేసుకుంది. ఎట్లా ఆడింది? ఎన్ని తిప్పలు పడింది? తెలుసుకుందాం.

బుట్టబంతి అంటే ఏమిటి?

ముందు ఆట సంగతి చూద్దాం. ఆడే స్థలం 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు ఉంటుంది. రెండు కొసలకు రెండు స్తంభాలు ఉంటాయి. ఒక్కో స్తంభానికి ఒక ఇనుప రింగు ఉంటుంది. రింగుకు అడుగు లేని వల సంచి వేలాడుతుంది. అదే బుట్ట. రింగు నేల నుంచి 10 అడుగుల ఎత్తులో ఉంటుంది.

ఒక్కో జట్టుకు అయిదుగురు ఆడతారు. బంతిని ఎదుటి జట్టు బుట్టలో వేయాలి. దగ్గర నుంచి వేస్తే 2 పాయింట్లు. గీసిన గీత బయట, దూరం నుంచి వేస్తే 3 పాయింట్లు.

బంతిని చంకలో పెట్టుకొని పరుగెత్తకూడదు. నేలకు కొడుతూ, కొడుతూ ముందుకు పోవాలి. ఎదుటివాళ్ళు బంతిని గుంజుకోవచ్చు. అయితే మనిషిని కొట్టకూడదు, నెట్టకూడదు. చెయ్యి బంతికే తగలాలి. మనిషికి తగిలితే తప్పు కింద రాస్తారు.

బుట్ట 10 అడుగుల ఎత్తులో ఉంది కదా! పొడుగు మనిషికి అది దగ్గర. పొట్టి మనిషికి దూరం. అందుకే ఈ ఆట పొడుగువాళ్ళదని పేరు పడింది. అది కొంత నిజమే. కానీ అంతా నిజం కాదు.

జంక్షన్‌లో పాయింట్లు మార్చినట్టు

డోర్నకల్ స్టేషన్ అందరికీ తెలుసు. అది జంక్షన్. కాజీపేట నుంచి వచ్చిన బండి నేరుగా విజయవాడ వైపు పోవచ్చు. లేదా కొత్తగూడెం వైపు మళ్ళవచ్చు. ఏ బండి ఏ పట్టా మీద పోవాలో ఒకరు చూసుకోవాలి. పట్టాలు కలిపే చోటును రైల్వేలో పాయింటు అంటారు. పూర్వం పాయింట్స్‌మన్ లివరు గుంజి పట్టాలు కలిపేవాడు. ఆ మనిషి ఇంజను నడపడు. టికెట్లు అమ్మడు. కానీ అతను తప్పు చేస్తే బండి దారి తప్పుతుంది.

బుట్టబంతి జట్టులో కూడా అట్లాంటి మనిషి ఒకరు ఉంటారు. ఆ చోటును పాయింట్ గార్డ్ అంటారు. బంతిని ముందుకు తెచ్చేది ఆమే. ఎవరు ఎక్కడ నిలబడ్డారో చూసేది ఆమే. ఎవరి చేతికి, ఏ క్షణాన బంతి అందాలో తేల్చేది ఆమే. బుట్టలో వేసే పని చాలాసార్లు ఇంకొకరిది. చప్పట్లు కూడా వాళ్ళకే ఎక్కువ. కానీ పాయింట్ గార్డ్ లేకపోతే జట్టు చెదిరిపోతుంది.

ఈ పనికి ఎత్తు కన్నా చూపు ముఖ్యం. చేతి ఒడుపు ముఖ్యం. తొందరపడని తల ముఖ్యం.

ఇంకో సంగతి ఉంది. బంతి నేలకు తగిలి చేతికి వస్తుంది. పొడుగు మనిషి చేతికి అది చాలా దూరం రావాలి. పొట్టి మనిషి చేతికి తొందరగా వస్తుంది. కిందికి ఉన్న బంతిని ఎదుటివాళ్ళు గుంజుకోవడం కష్టం. పొట్టి మనిషి వంగి, పొడుగు మనిషి కొట్టే బంతిని మధ్యలోనే లాగేయవచ్చు. నాట్లు వేసే ఆడవాళ్ళకు నడుం వంచి పని చేయడం ఎంత కష్టమో తెలుసు. ఈ ఆటలో కాపు కాసేవాళ్ళు కూడా మోకాళ్ళు వంచి, చేతులు చాపి, అట్లాగే కదలాలి.

కష్టం లేదని కాదు. ఎదుటి పొడుగు మనిషి ఆమె తల మీద నుంచే బంతి విసరగలదు. ఆమె బుట్టకు విసిరిన బంతిని చేత్తో అడ్డుకోగలదు. డెబ్బీ ఆడినన్ని రోజులూ ఈ కష్టం ఉంది. దాన్ని కాళ్ళ వేగంతో, ముందుచూపుతో సరిచేసుకుంది.

ఆడవాళ్ళకు గీసిన గీతలు

బుట్టబంతి పుట్టింది 1891 డిసెంబరులో. అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊళ్ళో జేమ్స్ నైస్మిత్ అనే పంతులు దీన్ని కనిపెట్టాడు. చలికాలంలో పిల్లలు లోపల ఆడుకోవడానికి ఒక ఆట కావాలి. అందుకని పండ్ల బుట్టలు తెచ్చి బాల్కనీకి కొట్టించాడు. బంతి పడ్డప్పుడల్లా నిచ్చెన వేసి తీసేవాళ్ళు.

మరుసటి ఏడు, 1892లో, సెండా బెరెన్‌సన్ అనే పంతులమ్మ ఈ ఆటను ఆడపిల్లల కాలేజీకి తెచ్చింది. అయితే ఆడపిల్లలు అలసిపోతారని, కొట్లాడుకుంటారని ఆ రోజుల్లో పెద్దలు భయపడ్డారు. అందుకని నియమాలు మార్చారు. ఆట స్థలాన్ని మూడు భాగాలు చేశారు. ఒక భాగంలో ఉన్న పిల్ల గీత దాటి ఇంకో భాగంలోకి పోకూడదు. ఎదుటి పిల్ల చేతిలోని బంతిని గుంజుకోకూడదు.

చూశారా! గీత దాటకూడదు. గుంజుకోకూడదు. ఈ నియమాలు కొద్దికొద్దిగా సడలడానికి చాలా ఏళ్ళు పట్టింది. స్థలమంతా పరుగెత్తే అయిదుగురి ఆట అమెరికా ఆడవాళ్ళకు 1971లో గాని నియమం కాలేదు. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ బుట్టబంతి మొదలైంది 1976లో. మగవాళ్ళకు అది 1936లోనే ఉంది. మధ్యలో 40 ఏళ్ళు పోయాయి.

1972లో అమెరికాలో ఒక చట్టం వచ్చింది. ప్రభుత్వ డబ్బు తీసుకునే బడులు, కాలేజీలు ఆడ, మగ తేడా చూపకూడదని ఆ చట్టం చెప్పింది. ఆటలకు కూడా అది వర్తించింది. అప్పటికి డెబ్బీ వయసు దాదాపు 6 ఏళ్ళు. ఆ చట్టం వల్ల ఆ తరం ఆడపిల్లలకు బడిలో జట్లు వచ్చాయి, పంతుళ్ళు వచ్చారు, ఆడుకునే స్థలం వచ్చింది.

చదువు అయింది. ఆట ఎక్కడ?

డెబ్బీ తమ ఊళ్ళోనే సెయింట్ జోసెఫ్స్ అనే కాలేజీలో చదివింది. కాలేజీ జట్టులో పాయింట్ గార్డ్‌గా ఆడింది. 1988లో చదువు అయిపోయింది.

అప్పుడు అసలు చిక్కు వచ్చింది. మగపిల్లలకు కాలేజీ తరువాత జీతం తీసుకొని ఆడే జట్లు ఉన్నాయి. ఆడపిల్లలకు ఆ రోజుల్లో అమెరికాలో అట్లాంటి పెద్ద లీగు లేదు. 1978లో ఒకటి మొదలుపెట్టారు. మూడేళ్ళు నడిచి 1981లో మూతపడింది. నేర్చిన పని ఉంది. ఆ పనికి కూలి ఇచ్చే చోటు లేదు.

పని లేనప్పుడు మన పాలమూరు మనుషులు ఎంత దూరం వలస పోయేవాళ్ళో మనకు తెలుసు. డెబ్బీ కూడా పని వెతుక్కుంటూ పోయింది. సముద్రాలు దాటి ఆస్ట్రేలియా పోయింది. అక్కడ టాస్మేనియా అనే దీవి ఉంది. ఆ దీవి జట్టులో చేరింది. ఒక ఏడు కాదు, రెండేళ్ళు కాదు. చాలా ఏళ్ళు ఇంటికి దూరంగా ఉండి ఆడింది. ఆమె వయసు 30కి వచ్చింది.

చాలామంది ఆ వయసుకు ఆట మానేస్తారు. డెబ్బీ ఆట అప్పుడే స్వదేశంలో మొదలైంది.

14 బంతులు ఎట్లా పట్టింది?

1996లో అమెరికాలో అట్లాంటా అనే పట్నంలో ఒలింపిక్స్ జరిగాయి. అమెరికా ఆడవాళ్ళు బుట్టబంతిలో బంగారు పతకం గెలిచారు. జనం వాళ్ళ ఆట చూశారు. ఆడవాళ్ళ ఆట కూడా డబ్బు పెట్టి చూస్తారని అప్పుడు వ్యాపారులకు నమ్మకం కుదిరింది. ఆ ఏడే ఏబీఎల్ అనే లీగు మొదలైంది. మరుసటి ఏడు, 1997లో, డబ్ల్యు.ఎన్.బి.ఎ. అనే రెండో లీగు వచ్చింది.

డెబ్బీ ఇంటిదారి పట్టింది. ఏబీఎల్‌లో కొలరాడో జట్టులో చేరింది.

1996 డిసెంబరు 8న ఒక ఆట జరిగింది. ఆ ఒక్క ఆటలో డెబ్బీ లెక్క ఇది:

వేసిన పాయింట్లు 10.
తోటివాళ్ళకు అందించి, బుట్టలో వేయించిన బంతులు 12.
ఎదుటివాళ్ళ నుంచి గుంజుకున్న బంతులు 10.
బుట్టలో పడకుండా తిరిగి వచ్చినప్పుడు పట్టుకున్న బంతులు 14.

నాలుగు పనుల్లోనూ 10, లేదా అంతకు మించి రావడం చాలా అరుదు. పెద్ద పెద్ద ఆటగాళ్ళకు కూడా జీవితంలో ఒక్కసారి రాదు.

చివరి లెక్క మళ్ళీ చూడండి. తిరిగి వచ్చిన బంతి గాలిలో ఉంటుంది. దాన్ని పట్టుకోవడం పొడుగువాళ్ళ పని. 5 అడుగుల 3 అంగుళాల మనిషి 14 సార్లు పట్టింది. పొడుగువాళ్ళతో పోటీగా ఎగిరితే అన్ని దొరకవు. బంతి ఎటు తగిలి ఎటు పడుతుందో కనిపెట్టాలి. ఇంకొకరి కన్నా ముందు అక్కడ ఉండాలి.

"చీడ" అనే పేరు

డెబ్బీకి ఇంకో పేరు ఒకటి ఉంది. దానికి తెలుగులో అర్థం "చీడ".

చీడ ఎంత ఉంటుందో మిరప రైతులకు చెప్పాలా? 2021లో మిరప తోటలను నల్ల తామర పురుగు నాశనం చేసింది. ఆ పురుగు గింజంత కూడా ఉండదు. పువ్వులో దూరితే కంటికి ఆనదు. కానీ ఎకరాలకు ఎకరాలు పోయాయి.

డెబ్బీ ఎదుటి ఆటగత్తెను అట్లాగే పట్టుకునేది. బంతి ఉన్న మనిషిని ఒక్క క్షణం వదలదు. కుడికి పోతే కుడికి, ఎడమకు పోతే ఎడమకు. ఆట మొదటి నిమిషంలో ఎట్లా వెంటపడుతుందో చివరి నిమిషంలోనూ అట్లాగే. ఎదుటి మనిషి విసుగుతో ఒక్కసారి చూపు తిప్పితే చాలు. బంతి డెబ్బీ చేతిలో ఉంటుంది.

ఆడవాళ్ళు గుంజుకోకూడదని ఒకప్పుడు నియమం పెట్టారు కదా! వంద ఏళ్ళ తరువాత ఈ మనిషికి గుంజుకోవడంతోనే పేరు వచ్చింది.

రెండుసార్లు మూతపడ్డ పని

పేరు వచ్చింది కాని పని నిలవలేదు. ఏబీఎల్‌కు డబ్బు సరిపోలేదు. 1998 డిసెంబరులో, ఆటలు సగంలో ఉండగానే, ఆ లీగు మూతపడింది. ఆటగత్తెలందరూ ఒక్క దెబ్బకు పని లేనివాళ్ళు అయ్యారు. మిల్లు మూతపడితే కార్మికుల ఇళ్ళల్లో ఎట్లా ఉంటుందో, వాళ్ళ ఇళ్ళల్లోనూ అట్లాగే ఉంది.

ఇక మిగిలింది డబ్ల్యు.ఎన్.బి.ఎ. ఒక్కటే. అందరూ అక్కడికే వచ్చారు. ఉన్న చోట్లు తక్కువ. వచ్చినవాళ్ళు ఎక్కువ. డెబ్బీ వయసు అప్పటికి 32. ఎత్తు మారలేదు. అయినా 1999లో యూటా జట్టు ఆమెను తీసుకుంది.

ఆ జట్టులోనే పోలండ్ దేశపు మార్గో డైడెక్ ఉంది. ఆమె ఎత్తు 7 అడుగుల 2 అంగుళాలు. ఆ లీగులోనే అందరికన్నా పొడుగు మనిషి. ఇద్దరికీ తేడా ఎంత? 1 అడుగు 11 అంగుళాలు. దాదాపు రెండడుగులు. కానీ ఇద్దరూ ఒకే రంగు చొక్కా వేసుకున్నారు. ఒకే బంతి కోసం ఆడారు. జట్టుకు ఇద్దరూ కావాలి. రోలు కావాలి, రోకలీ కావాలి.

ఆ ఏడే, 1999లో, ఆటగత్తెల సంఘం లీగు యజమానులతో మొదటి ఒప్పందం చేసుకుంది. ఒక్కొక్కరు విడిగా అడిగితే యజమాని వినడు. అందరూ కలిసి అడిగితే కూర్చోబెట్టి మాట్లాడతాడు. పొదుపు సంఘంలో ఉన్న ఆడవాళ్ళకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

2000లో డెబ్బీ మయామీ అనే పట్నం జట్టుకు పోయింది. 2002 ఆటల తరువాత ఆ జట్టు కూడా మూతపడింది. ఆమె కింద పని మూతపడటం ఇది రెండోసారి.

35 ఏళ్ళకు బహుమతి

మయామీలో ఉన్నప్పుడే ఆమె జీవితంలో పెద్ద రోజు వచ్చింది. 2001లో మొత్తం లీగులో అందరికన్నా ఎక్కువ బంతులు గుంజుకున్నది డెబ్బీనే. సగటున ఒక్కో ఆటకు 2 కన్నా ఎక్కువ. ఆ ఏడు ఆమెకు "ఉత్తమ రక్షకురాలు" బహుమతి ఇచ్చారు. అంటే ఎదుటి జట్టును అడ్డుకోవడంలో అందరికన్నా మేటి అని. అప్పుడు ఆమె వయసు 35 ఏళ్ళు.

ఆమె ఎప్పుడూ ఎక్కువ పాయింట్లు వేసిన ఆటగత్తె కాదు. వేసినవాళ్ళ పేర్లు పేపర్ల మీద పెద్ద అక్షరాల్లో వచ్చాయి. ఆమె చేసింది కాపలా పని. పంట వేయడం ఎంత ముఖ్యమో కావలి కాయడం కూడా అంతే ముఖ్యం. ఆ సంగతిని ఆ ఏడు అందరూ ఒప్పుకున్నారు.

మయామీ జట్టు పోయాక ఆమె కనెక్టికట్ జట్టులో చేరింది. 2004లో ఆ జట్టు చివరి పోటీ దాకా వచ్చింది. సియాటిల్ జట్టు చేతిలో ఓడిపోయింది. అప్పుడు డెబ్బీకి 38 ఏళ్ళు. ఆ తరువాత ఆట మానేసి, కాలేజీ ఆడపిల్లలకు ఆట నేర్పే పని చేసింది.

2008లో అదే లీగులోకి షానన్ బాబిట్ అనే అమ్మాయి వచ్చింది. ఆమె ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. డెబ్బీ కన్నా ఒక అంగుళం తక్కువ. ఆమెదీ పాయింట్ గార్డ్ పనే.

మన దగ్గర సంగతి

మన దేశంలో బుట్టబంతి ఆడే ఆడపిల్లలు చాలామంది ఉన్నారు. వాళ్ళకు పెద్ద ఆసరా రైల్వే ఉద్యోగం. ఆటల కోటా కింద రైల్వేలో ఉద్యోగాలు ఇస్తారు. జాతీయ పోటీల్లో రైల్వే ఆడవాళ్ళ జట్టు ఎన్నోసార్లు గెలిచింది.

కేరళ అమ్మాయి గీతు అన్నా జోస్ కూడా రైల్వేలో ఉద్యోగం చేస్తూ ఆడింది. ఆమె ఎత్తు 6 అడుగుల 2 అంగుళాలు. భారత జట్టుకు నాయకురాలు అయింది. ఆస్ట్రేలియా పోయి ఆడింది. 2011లో అమెరికా లీగు జట్లు ఆమె ఆటను పరీక్షించాయి. అక్కడ చోటు దొరకలేదు. కానీ మన దేశం నుంచి ఆ గడప దాకా పోయిన మొదటి అమ్మాయి ఆమె. ఎత్తు ఒక్కటే ఉంటే చాలదని, పొట్టి ఒక్కటే అడ్డు కాదని ఈ ఇద్దరి కథలూ చెబుతున్నాయి. చిన్నప్పటి నుంచి మంచి మైదానం, మంచి శిక్షణ, మంచి పోటీలు కావాలి. అవి పిల్ల తెచ్చుకునేవి కావు. పెద్దలు, ప్రభుత్వం కల్పించాల్సినవి.

అందుకే తల్లులు తెలుసుకోవాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి.

బడిలో ఆటల గంట ఉందా అని అడగండి. ఆ గంటలో ఆడపిల్లలు కూడా ఆడుతున్నారా, లేక తరగతి ఊడుస్తున్నారా అని అడగండి.

పిల్ల మండల పోటీల్లోనో, జిల్లా పోటీల్లోనో ఆడితే సర్టిఫికెట్టు ఇస్తారు. ఆ కాగితాన్ని భద్రంగా దాచండి. ఆటల కోటాకు చదువు సర్టిఫికెట్టూ కావాలి, ఆట సర్టిఫికెట్టూ కావాలి. అందులో పిల్ల పేరు సరిగ్గా ఉందా? పుట్టిన తేదీ సరిగ్గా ఉందా? ఇప్పుడు మీకు చదువు వచ్చు. మీరే చదివి చూడండి. తప్పు ఉంటే ఆ రోజే చెప్పి సరిచేయించండి.

ఇక పొట్టి అన్న మాట. ఆ మాట ఎవరన్నా అంటే పిల్ల తల దించుకోనక్కరలేదు. రింగు 10 అడుగుల ఎత్తులో ఉన్నా, బంతి మాత్రం ప్రతిసారీ నేలకు తగిలే పైకి లేవాలి.

మాట్లాడుకుందాం

1. గోడ మీద 5 అడుగుల 3 అంగుళాల దగ్గర గీత గీయండి. మీ ఎత్తు, మీ పిల్లల ఎత్తు కొలిచి రాయండి.

2. డెబ్బీ 1966లో పుట్టింది. 2001లో బహుమతి వచ్చింది. అప్పుడు ఆమె వయసు ఎంత? లెక్క వేసి చూడండి.

3. పని చేసే చోటు మూతపడితే ఆడవాళ్ళకు వచ్చే కష్టాలు ఏమిటి? మీ ఊళ్ళో అట్లా జరిగిందా?

4. మీ ఇంట్లో, మీ సంఘంలో పాయింట్ గార్డ్ పని చేసేది ఎవరు? ఆ పనికి గుర్తింపు ఉందా?